కప్పు గెలిచినవాడికి కొలువు

రోవర్స్ కప్పు అన్న మాట ఈనాడు నిజామాబాదు బస్టాండులో పదిమంది ముందు పలికితే తొమ్మిదిమంది అది ఏ హోటలు టీ కప్పో అనుకొంటారు. పదోవాడు ఎనభై దాటిన ముసలివాడైతే మాత్రం ఒక్క క్షణం ఆగి, కళ్ళు పెద్దవి చేసి, "సిటీ పోలీస్!" అంటాడు. అంతటి పేరు ఒక్క జీవితకాలంలో ఇంతగా ఎలా మాసిపోయింది? కొంతకాలంగా నన్ను వదలని ప్రశ్న ఇది.

తెలియని మిత్రుల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. సిమ్లాలో 1888లో డ్యూరాండ్ కప్పు, బొంబాయిలో 1891లో రోవర్స్ కప్పు మొదలైనాయి. రెండూ తెల్లవారి పటాలాల కాలక్షేపానికి పుట్టినవే. 1937లో బెంగుళూరు ముస్లిమ్స్ జట్టు గెలిచేదాకా రోవర్స్ కప్పు మనవాళ్ళ చేతికి చిక్కలేదు. అటువంటి కప్పును హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు ఇంటికి తెచ్చుకొంది. ఆ 1950లోనే డ్యూరాండ్‌లో మోహన్ బగాన్‌ను ఓడించింది. పోలీసు చర్య జరిగి అప్పటికి రెండేళ్ళు. సంస్థానం పోయింది, పటాలం పోయింది. మిగిలిన పరువును కానిస్టేబుళ్ళు కాళ్ళతో నిలబెట్టారంటే అతిశయోక్తి కాదనుకొంటాను.

వారి వెనుక సయ్యద్ అబ్దుల్ రహీం ఉన్నాడు. వృత్తిరీత్యా బడిపంతులు. ఎడమకాలు బలహీనమైనవాళ్ళు ఎడమకాలితోనే ఆడాలన్న నియమంతో చిన్న చిన్న పోటీలు పెట్టి ఆటగాళ్ళను తీర్చినవాడు. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది. 1963లో ఆయన కన్నుమూశాడు. 2024లో హిందీలో 'మైదాన్' సినిమా వచ్చేదాకా ఆ పేరు మన పిల్లలకు తెలియదు.

ఇదంతా రాజధాని సంగతి, బోధన్‌కేమి సంబంధమని మీరడగవచ్చు. మా ఇంటి పక్కన ఒక పెద్దాయన ఉండేవాడు. షక్కర్‌నగర్ చక్కెర మిల్లులో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవాడు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఐదు రోవర్స్ కప్పుల కథ ఐదు కాండల రామాయణంలా చెప్పేవాడు. ఒకసారి నేను, "తాతా, ఆ కప్పు వెండిదా, బంగారుదా?" అని అడిగాను. ఆయన నవ్వి, "గది ఏందైతేంది బిడ్డా! కప్పు బీరువల వెడ్తరు. కప్పు దెచ్చిన పోరనికి నౌకరి దొరికిందా లేదా, గదీ ముచ్చట" అన్నాడు.

చిన్నప్పుడు ఆ మాట నాకు చప్పగా అనిపించింది. ఆటంటే కీర్తి గదా, మధ్యలో నౌకరీ ఏమిటి? ఇన్నేళ్ళకు, కప్పుల పతనానికి కారణాలు వెదుకుతూ పోతే, చివరికి ఆ అరుగు మాట దగ్గరికే చేరుకొంటున్నాను.

కారణాలుగా సాధారణంగా చెప్పేవి మూడు. 1983 తరువాత క్రికెట్టు దేశాన్ని కమ్మేసింది. టెలివిజను విదేశీ ఫుట్‌బాలును ఇంట్లోకి తెచ్చి మన ఆటను వెలవెలబోయేట్టు చేసింది. 1996లో జాతీయ లీగు, 2014లో ఐఎస్ఎల్ వచ్చాక పెద్ద క్లబ్బులు పాత కప్పులకు రెండవ శ్రేణి ఆటగాళ్ళను పంపసాగాయి. మూడూ నిజమే. కాని పూర్తి నిజం కాదు. సిటీ పోలీసు జట్టు పోలీసు జట్టు ఎందుకయింది? ఆడగలిగిన పేదపిల్లవాడికి లాఠీ ఇచ్చి, జీతమిచ్చి, పొద్దున్నే మైదానానికి పంపే యజమాని ఒకడున్నాడు గనుక. పోలీసు, రైల్వే, బ్యాంకు, మిల్లు - ఇవే మన ఫుట్‌బాలుకు అసలు క్లబ్బులు. కప్పు ఒక పరీక్ష. ఫలితం నియామకపత్రం. ఆ నియామకాలు సన్నగిల్లిన కొద్దీ పరీక్షకు కూర్చునేవాడూ తగ్గాడు. 2000-01 పోటీతో రోవర్స్ కప్పు ఆగిపోయింది.

సరిగ్గా ఆ రోజులలోనే మా ఊరి చరిత్ర కూడా మలుపు తిరిగింది. మంజీర మీద నిజాంసాగర్ కట్టి, ఆ కాలువల కింద చెరకు పెంచి, ఆ చెరకును నమ్ముకొని 1930లలో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. కూలీ మొదలుకొని ఇంజనీరు దాకా ఒకే కూతకు లేచిన ఊరు అది. చెరకు బండ్ల వరుస, మొలాసిస్ వాసన, క్వార్టర్లు, క్వార్టర్ల నడుమ పిల్లల ఆట. 2002లో యాభై ఒక్క శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో మిల్లు మూతపడింది. ఫ్యాక్టరీ పోతే చక్కెరే పోయిందనుకొంటాం. నాకు తోచినది మాత్రం వేరు. "బాగా చదివితేనో, బాగా ఆడితేనో ఇక్కడే ఒక కొలువు దొరుకుతుంది" అన్న ధైర్యం ఊరి పిల్లల కళ్ళలోంచి పోయింది. కప్పుల వెల తగ్గడానికీ, క్వార్టర్ల గోడలు బీటలు వారడానికీ వేరు ఒకటేనని నా అనుమానం.

అయితే పాతదంతా బంగారమనే జాతివాణ్ణి కాను. మా జిల్లాలోని ఒక లంబాడీ తండా నుండి వచ్చిన గుగులోతు సౌమ్య భారత మహిళాజట్టుకు ఆడింది. 2022లో క్రొయేషియా వెళ్ళి దినామో జాగ్రెబ్ జెర్సీ తొడిగింది. 2024-25కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి ఆమే. రోవర్స్ కప్పు వైభవంగా ఉన్న కాలంలో ఒక తండా ఆడపిల్లను ఏ పోలీసు జట్టు పిలిచేది? లీగుల కాలం తెరిచిన తలుపు అది. ఆ మేరకు దానికి దండం పెట్టవలసిందే.

కాని తలుపు తెరిచినవాడు ఇంట్లో ఉండాలి గదా! హైదరాబాద్ ఎఫ్.సి. 2019లో పుట్టింది, 2022 మార్చిలో ఐఎస్ఎల్ గెలిచింది, 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది. గెలిచిన మూడేళ్ళకు ఊరే లేకుండాపోయిన జట్టు అది. దాన్ని ఇక్కడ కట్టిపడేసే ఉద్యోగి లేడు, ఠాణా లేదు, క్వార్టరు లేదు.

ఇక కప్పుల పని పూర్తిగా అయిపోయిందా? 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనలు హైదరాబాదు గచ్చిబౌలిలోనే జరిగింది. 1956-57, 1957-58లలో వరుసగా రెండుసార్లు మన హైదరాబాదు గెలిచిన ట్రోఫీయే అది. ఆటకు ఇచ్చిన అదనపు నిమిషాలలో రబీ హాన్స్‌దా చేసిన ఒకే ఒక్క గోలుతో బెంగాలు కేరళను ఓడించింది. మన పత్రికలలో ఆ వార్త ఏ మూలనో వచ్చి వెళ్ళిపోయింది. బెంగాలు ప్రభుత్వం మాత్రం గెలిచిన ఆటగాళ్ళకు ఉద్యోగాలు ప్రకటించింది. అదే ట్రోఫీ, అదే మైదానం. మనకు పాతబడిన పాత్ర, వారికి కొంప నిలబెట్టిన వరం.

ప్రతిష్ఠ అనేది కప్పులో ఉండదనీ, దాన్ని పట్టుకొన్న పిల్లవాడి మరుసటి ఉదయంలో ఉంటుందనీ నాకు ఇప్పుడు నమ్మకంగా తోస్తున్నది. తిరిగి ఐదు కప్పులు గెలవాలని నేను కోరను. ఒక్క చిన్న పోటీ చాలు - జిల్లా స్థాయిలో, ఏటేటా తప్పకుండా, గెలిచిన జట్టులో కనీసం ఇద్దరికి ఒక కొలువు పలికే పోటీ. వెండి కప్పు కూడా అక్కరలేదు. ఇత్తడి చెంబు పెట్టినా ఊరంతా చూడటానికి వస్తుంది.