గ్యాస్ అయిపోదు, లీకవుతుంది

వరసగా మూడు వేసవులు మా ఇంటి ఏసీకి గ్యాస్ పట్టించాను. మే నెల వచ్చిందంటే గది చల్లబడటం మానేసేది. ఫోన్ చేస్తే మెకానిక్ వచ్చి, బాల్కనీలోంచి వంగి అవుట్‌డోర్ యూనిట్‌కి గేజ్ తగిలించి, "గ్యాస్ అయిపోయిందండీ" అనేవాడు. ఇరవై నిమిషాల్లో పని పూర్తి. వంటింట్లో సిలిండరు అయిపోయినట్టే ఇదీ అయిపోతుంది కాబోలనుకుని డబ్బులిచ్చి పంపేవాణ్ణి. బెజవాడ ఎండలో ఆరా తీసే ఓపిక ఎవరికుంటుంది?

నాలుగో ఏడు ఈ గోడు ఒక మిత్రుడి దగ్గర వెళ్లబోసుకుంటే నవ్వాడు. ఏసీ మెకానిక్కులకు, పెద్ద భవనాల్లో యంత్రాలు చూసుకునే సిబ్బందికి పని నేర్పే చోటు ఒకటి ఉందనీ, ఒకరోజు వెళ్లి అక్కడి మాస్టారిని అడగమనీ చెప్పాడు. అలా ఏప్రిల్ మొదట్లో ఒక ఉదయం ఆటోనగర్ దాటి ఒక రేకుల షెడ్డు ముందు ఆటో దిగాను.

లోపల గోడ పొడవునా మూతలు విప్పిన ఏసీలు, పేగులు బయటపడ్డట్టు రాగి గొట్టాలు. ఇన్ని ఏసీల మధ్య మనుషులకు గాలి తగిలేది మాత్రం రెండు పాత పంకాల నుంచే. పద్దెనిమిది మంది ఉన్నారు. పదో తరగతి తర్వాత రెండేళ్ల ఐటీఐ కోర్సు చేస్తున్న కుర్రాళ్లు కొందరు. చూసి చూసి పని నేర్చుకుని, ఇప్పుడు పద్ధతిగా నేర్చుకుందామని వచ్చిన మెకానిక్కులు కొందరు. ఒక ఆసుపత్రి నిర్వహణ విభాగంలో పనిచేస్తున్న అమ్మాయి ఒకరు. మాస్టారికి యాభై అయిదేళ్లుంటాయి. విశాఖలో చేపల కోల్డ్ స్టోరేజీల్లో ఇరవయ్యేళ్లు చేసి వచ్చారట.

నా ప్రశ్నకు ఆయన జవాబు చెప్పలేదు. క్లాసు వైపు తిరిగి, "ఈయన ఏసీలో ఏటా గ్యాస్ అయిపోతోందట. ఎందుకురా?" అన్నారు. అందరూ ఒక్కసారి నవ్వారు. మైలవరం కుర్రాడొకడు లేచి, "గ్యాస్ అయిపోదు సార్. లీకవుద్ది" అన్నాడు.

"మీ ఇంట్లో ఫ్రిజ్‌కి ఎన్నిసార్లు గ్యాస్ పట్టించారండీ?" అని మాస్టారు నన్నడిగారు. పన్నెండేళ్లుగా ఒక్కసారీ పట్టించలేదు. "ఏసీ కూడా అంతేనండి. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతుంటుంది. లోపల ద్రవం ఆవిరై గదిలో వేడి తీసుకుంటుంది, బయటికొచ్చి ఆ వేడి వదిలి మళ్లీ ద్రవమవుతుంది. ఖర్చయ్యేది కరెంటు. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో కన్నముంది. కన్నం మూయకుండా నింపడమంటే, చిల్లు కుండలో నీళ్లు పోయడమే."

ఆ కన్నాలు ఎక్కడ పడతాయో చూపిస్తానని రాగి గొట్టాల బల్ల దగ్గరికి తీసుకెళ్లారు. ఇండోర్‌నూ అవుట్‌డోర్‌నూ కలిపే గొట్టాల కొసలను గరాటులా విప్పి, ఇత్తడి నట్టుతో బిగిస్తారు. దాన్ని ఫ్లేర్ అంటారు. అవనిగడ్డ నుంచి వచ్చిన కుర్రాడొకడు పావంగుళం గొట్టానికి ఫ్లేర్ చేస్తున్నాడు. కట్టర్‌ను గొట్టం చుట్టూ తిప్పుతూ, తిప్పు తిప్పుకూ కొంచెం కొంచెం బిగిస్తున్నాడు. తొందరపడితే గొట్టం నొక్కుకుపోతుంది. తెగాక కొసను నేలవైపు వంచి పట్టుకుని, లోపలి అంచున లేచిన పొక్కును గీకేశాడు. పైకి పట్టుకుంటే ఆ రాగి రజను గొట్టంలోకే రాలి, చివరికి కంప్రెసర్ దాకా పోతుంది. తర్వాత గొట్టాన్ని దిమ్మలో బిగించి, కోను మొనకు నూనె చుక్క రాసి తిప్పాడు. కొస పువ్వులా విచ్చుకుంది. అంచు సమంగా వచ్చింది, ఎక్కడా చీలిక లేదు. వాడి ముఖం వెలిగింది.

"నట్టేదిరా?" అన్నారు మాస్టారు.

నట్టు బల్లమీద ఉంది. ఫ్లేర్ చేసేముందే దాన్ని గొట్టంలోకి ఎక్కించాలి. కొస విచ్చుకున్నాక ఇక ఎక్కదు. వాడు నాలిక కరుచుకుని ఆ కొస కోసేసి మళ్లీ మొదలుపెట్టాడు. మొదటి వారంలో ఇది మర్చిపోనివాడు ఇంతవరకూ పుట్టలేదని మాస్టారు నాతో అన్నారు.

నట్టు బిగించడంలోనూ లెక్కుంది. బలం కొద్దీ బిగిస్తే ఫ్లేర్ పలచబడి చీలుతుంది, వదులుగా ఉంటే కారుతుంది. అందుకే ఇంత బలానికి మించి బిగించకుండా చెప్పే టార్క్ రెంచ్ వాడిస్తారు. గ్యాస్‌తోపాటు కంప్రెసర్ నూనె కూడా కాస్త బయటికి వస్తుంది కాబట్టి, కారే నట్టు చుట్టూ జిడ్డు చేరి దుమ్ము నల్లగా పేరుకుంటుందట. ఈ మాట నా బుర్రలో అలాగే నిలిచిపోయింది.

కన్నం మూశాక అసలు పరీక్ష మొదలవుతుంది. గొట్టాల్లో నైట్రోజన్ ఎక్కించి, కీళ్ల దగ్గర సబ్బు నురుగు రాసి, బుడగలు వస్తున్నాయేమో చూస్తారు. ఈ పరీక్షకు ఆక్సిజన్ వాడకూడదన్న మాట గోడమీద ఎర్ర రంగుతో రాసి ఉంది. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ లోపలి నూనెతో కలిస్తే పేలుతుంది.

ఆ తర్వాత వాక్యూమ్ పంపు. గొట్టాల్లో మిగిలిన గాలినీ తేమనూ లాగేయడం దాని పని. అంత శూన్యంలో నీరు మామూలు వేడికే మరిగి ఆవిరైపోతుంది. ఆ ఆవిరిని పంపు తోడేస్తుంది. మీటరు 500 మైక్రాన్లకు దిగాక పంపు ఆపి, అంకె మళ్లీ పైకి పాకుతుందేమో కాపు కాస్తారు. పాకితే లీకో తేమో ఇంకా ఉన్నట్టే. లోపల తేమ మిగిలితే నూనెతో చేరి ఆమ్లంగా మారి కంప్రెసర్ వైండింగును తినేస్తుంది. మేం చూస్తుండగానే అరగంట గడిచింది. పంపు గురగురమంటోంది, పద్దెనిమిది మంది చేతులు కట్టుకుని మీటరు వైపు చూస్తున్నారు.

"బయట ఈ అరగంట ఎవరూ ఇవ్వరు సార్" అన్నాడు నూజివీడు మెకానిక్ ఒకతను. ఎనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాడు. "పంపు పెడితే, ఊరికే కూర్చున్నాడు, గంటలెక్కన గుంజుతాడు అంటారు. ఎండాకాలం రోజుకు పది ఫోన్లు. అందుకని కాస్త గ్యాస్ వదిలి దాంతోనే గాలిని తోలేసి, నింపేసి వచ్చేసేవాళ్లం." నాకు మా బాల్కనీ, ఆ ఇరవై నిమిషాలు గుర్తొచ్చాయి. త్వరగా అయిపోయిందని ఆ రోజు సంతోషించింది నేనే.

ఇప్పుడొస్తున్న గ్యాస్‌లతో ఆ అలవాటు ప్రమాదం కూడా. షెడ్డు మూల మూడు సిలిండర్లు వరుసగా ఉన్నాయి. మొదటిది పాత ఆర్-22. ఓజోన్ పొరను దెబ్బతీసేది కాబట్టి 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 2030కల్లా మన దేశంలో దాదాపు కనుమరుగు కావాలి. రెండోది ఇప్పుడు చాలా ఏసీల్లో వస్తున్న ఆర్-32. కొద్దిగా అంటుకునే గుణం ఉంది. మూడోది ఆర్-290, అంటే ప్రొపేన్. వంటగ్యాస్‌లో ఉండేదే. కాకపోతే వంటగ్యాస్‌కు కావాలని వాసన కలుపుతారు, దీనికి కలపరు. కారితే ముక్కుకు తెలియదు, గాలికంటే బరువు కాబట్టి నేలమీద పరుచుకుంటుంది. అందుకే ఆ బల్ల దగ్గర నేలబారున గ్యాస్ పసిగట్టే పరికరం ఉంది. సెల్‌ఫోన్లు గుమ్మం దగ్గర బుట్టలో వేసి రావాలి.

బోర్డుమీద మాస్టారు ఒక లెక్క వేశారు. ఒక కిలో ఆర్-22 గాలిలో కలిస్తే భూమిని వేడెక్కించడంలో 1,810 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. ఆర్-32 అయితే 675. నేను మూడేళ్లలో పట్టించిన గ్యాస్ అంతా ఏదో కన్నంలోంచి బెజవాడ గాలిలోకే పోయింది. గది చల్లబరుచుకుందామని ఊరి ఎండకు నా వంతు చేర్చానన్నమాట.

భోజనాలయ్యాక తమాషా ఒకటి చేసి చూపించారు. చక్కగా నడుస్తున్న ఏసీ ఫిల్టరుకు తడిగుడ్డ అడ్డం కట్టారు. కాసేపటికి గొట్టంమీద తెల్లగా మంచు కట్టింది. గేజ్ ముల్లు కిందికి దిగింది. "ఏం చేస్తావ్?" అని ఒకణ్ణి అడిగితే "గ్యాస్ తక్కువ సార్" అన్నాడు. మాస్టారు గుడ్డ తీసేశారు. మంచు కరిగింది, ముల్లు మెల్లగా తన చోటికి వచ్చింది. గాలి ఆడకపోయినా ఒత్తిడి తగ్గుతుంది. గేజ్ ఒక్కటే చూసేవాడికి రెండూ ఒకటే. "ముందు ఫిల్టర్ చూడు, ఫ్యాన్ చూడు, కెపాసిటర్ చూడు. సిలిండర్ చివర్న" అని క్లాసంతటిచేతా చెప్పించారు. కరెంటు ఆపినా కెపాసిటర్‌లో షాకు కొట్టేంత విద్యుత్తు నిలవ ఉంటుందనీ, దాన్ని ఖాళీ చేశాకే చెయ్యి పెట్టాలనీ హెచ్చరించారు.

షెడ్డు వెనక గోడకు పదడుగుల ఎత్తున ఒక అవుట్‌డోర్ యూనిట్ బిగించి ఉంది. నడుముకు బెల్టు కట్టుకుని ఒక కుర్రాడు ఎక్కాడు. తాడు కొక్కెం ఏసీ నిలబడిన స్టాండుకే తగిలించాడు. మాస్టారు వాణ్ణి వెంటనే దింపేశారు. "స్టాండ్ ఊడితే అదీ నువ్వూ కలిసే పడతారు. కొక్కెం గోడలో దిగిన ఇనుప రింగుకు వెయ్యాలి" అన్నారు. నాలుగో అంతస్తు సన్‌షేడ్‌మీద చెప్పులు విడిచి, ఒంటిచేత్తో కిటికీ పట్టుకుని నిలబడే మనుషుల్ని మన వీధుల్లో రోజూ చూస్తున్నాం. చూసి కిటికీ వేసుకుంటున్నాం.

ఆసుపత్రి అమ్మాయి చేస్తున్న పని వేరు. పెద్ద భవనాల్లో చిల్లర్ అనే యంత్రం నీటిని సుమారు 7 డిగ్రీలకు చల్లబరిచి పైకి పంపుతుంది. ఒక్కో అంతస్తులో ఉన్న ఏహెచ్‌యూ అనే పెద్ద పెట్టె ఆ చల్లనీళ్లు తిరిగే గొట్టాలమీదుగా గాలి ఊదుతుంది. ఆమె బెల్టు బిగువు చూసి, బేరింగు దగ్గర చెవి పెట్టి వింటోంది. "ఆపరేషన్ థియేటర్‌లో గాలి ఒత్తిడి బయటికంటే కాస్త ఎక్కువుండాలండి. తలుపు తీసినప్పుడు లోపలి గాలే బయటికి పోవాలి. బయటి దుమ్మూ సూక్ష్మక్రిములూ లోపలికి రాకూడదు" అంది. గంటగంటకూ అంకెలు రాసే లాగ్‌బుక్ చూపించి, "యంత్రం చెడేముందు ఇక్కడ చెప్తుందండి" అంది.

పెద్ద భవనాల్లో పని అంటే కుర్రాళ్లకు మోజు. బయట తిరిగే మెకానిక్‌కు మార్చి నుంచి జూన్ దాకా నిద్ర ఉండదు, వానలు పడితే ఫోన్ మోగదు. ఆసుపత్రిలోనో హోటల్లోనో అయితే నెలనెలా జీతం. పని చేతికొచ్చాక గల్ఫ్‌కు పోదామనుకునేవాళ్లూ ఉన్నారు. 2019 మార్చిలో కేంద్రం ప్రకటించిన కూలింగ్ యాక్షన్ ప్లాన్‌లో లక్ష మంది సర్వీసింగ్ మెకానిక్కులకు శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వాలని రాసుకున్నారు. ఆ లక్షలో ఒక్కొక్కరూ ఇలాంటి షెడ్డులో, ఇలా ఒక్కో నట్టు దగ్గర తయారుకావలసిందే.

సాయంత్రం ఇంటికి రాగానే టార్చిలైటు పట్టుకుని బాల్కనీలోకి వెళ్లాను. అవుట్‌డోర్ యూనిట్ పక్కన, సన్నగొట్టం నట్టు చుట్టూ రూపాయి బిళ్లంత మేర దుమ్ము నల్లగా జిడ్డు కట్టి ఉంది. మూడేళ్లుగా అక్కడే ఉంది.

మర్నాడు ఆ నూజివీడు మెకానిక్‌నే పిలిచాను. ఫ్లేర్ కోసేసి కొత్తది చేశాడు. నైట్రోజన్ ఎక్కించాడు, సబ్బు నురుగు రాశాడు, పంపు పెట్టి మీటరు ముందు కూర్చున్నాడు. చివర్న సిలిండర్‌ను కాటామీద పెట్టి, యూనిట్ మీద రాసి ఉన్నంత గ్యాస్ తూచి నింపాడు. రెండున్నర గంటలు పట్టింది. బిల్లు ఎప్పటికంటే ఎక్కువే అయింది, మూడేళ్లు పోసిన దానికంటే మాత్రం తక్కువ.

ఈ వేసవిలో మీ ఇంటికొచ్చిన మెకానిక్ గ్యాస్ అయిపోయిందంటే, లీకెక్కడో చూపించమని అడగండి. అతను వాక్యూమ్ పంపు తీస్తే గడియారం చూడకండి. ఆ అరగంటకు కూలీ ఇవ్వండి, ఎండలో ఉన్నాడు కాబట్టి మంచినీళ్లు కూడా ఇవ్వండి.