శనివారపు తెలుకలవారు

ఘుగ్గుస్‌లో మన తెలుగువారు బొగ్గుగనుల పనికి వచ్చి స్థిరపడి తరాలు గడిచాయి. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, పనిలో హిందీ. పదిమంది నడుమ కొద్దిమందిగా బ్రతికే మనకు, మనకంటె ఎంతో తక్కువమందితో ఇదే రాష్ట్రంలో శతాబ్దాలుగా నిలిచిన బెనే ఇజ్రాయేలుల కథ తెలిసికోదగినది. వీరు మరాఠీ మాట్లాడే యూదులు.

వీరి తావు కొంకణ తీరం. నౌగావ్ వద్ద ఓడ పగిలి ఒడ్డుచేరినవారి సంతతి తామని వారి నమ్మకం. నూనె గానుగ వీరి పూర్వపు వృత్తి. శనివారం మాత్రం గానుగ కట్టేవారు కారు. అందుచేత ఊరివారు వీరిని 'శనివార తేలీ'లన్నారు. తేలీ అంటే మన తెలుకలవాడే. శుభకార్యాలకు అటుకులు, బెల్లం, కొబ్బరి కలిపి 'మలిదా' చేసి, ఏలీయా ప్రవక్తను తలచుకొని పంచుకుంటారు. ఈ మాట వింటే మన ఆడవారికి పరాయితనం తోచదు.

బొంబాయిలో మసీదు బందరు స్టేషను దిగి, బేరసారాల సందడిలో నడిచి వెడితే 1796లో శామ్యూల్ దివేకర్ కట్టించిన వీరి మొదటి ప్రార్థనామందిరం వస్తుంది. కాని మాకు ఇంకా గొప్పగా తోచింది మజగావ్‌లోని బడి. 1875లో హయీం శామ్యూల్ కెహిమ్‌కర్ ప్రభృతులు తమ పిల్లలకోసం దీనిని పెట్టారు. మరాఠీ, ఇంగ్లీషులతోపాటు హీబ్రూ నేర్పారు. తరువాత సర్ ఎల్లీ కదూరీ విరాళంతో అది ఆయన పేర వెలసింది. ఇప్పుడక్కడ చదివేవారిలో ఎక్కువమంది ఇతర మతాల పిల్లలే. తమ పిల్లలు తగ్గారని వారు తలుపు మూయలేదు.

ఎందుకు తగ్గారు? 1948లో ఇజ్రాయేలు ఏర్పడిన తరువాత వేలాదిమంది అక్కడికి తరలివెళ్లారు. ఇరవై వేలకు పైబడిన జనం నేడు దేశమంతటా కలిపి కొద్దివేలే. వయసువారు వెళ్లారు, వెళ్లలేని ముసలివారు, వెళ్లనొల్లనివారు మిగిలారు. పెద్దదిక్కు లేని ఆ ముసలివారి బాధ్యత ఎవరిది?

సంఘమే ఆ భారం ఎత్తుకున్నది. 1914లో అమెరికాలో పుట్టిన 'జాయింట్' అనే యూదుల సహాయసంస్థ 1964 నుండి ఇక్కడ వీరికి చేయూతగా నిలిచింది. లేనివారికి నెలనెలా కొంత సొమ్ము, మందులు, పండుగనాడు పదిమందితో పంక్తి భోజనం. 'ఓ.ఆర్.టి.' అనే మరొక సంస్థ 1960ల నుండి యువతకు చేతిపనులు నేర్పింది. 2016లో మహారాష్ట్ర ప్రభుత్వం యూదులకు అల్పసంఖ్యాకుల హోదా యిచ్చింది. మన గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో కూడ, తాము యూదులమని చెప్పుకొనే తెలుగు కుటుంబాలు 1991లో ఒక చిన్న మందిరం ఏర్పరచుకొన్నాయి. వారికి ఇటువంటి దన్ను అంతగా లేదు.

ఇందులో మనకు పనికివచ్చే విషయం ఒకటున్నది. కొద్దిమంది నిలిచేది కట్టడాలవల్ల కాదు. పిల్లకు అక్షరం, ముసలికి ఆసరా ఉన్నంతవరకే. ఘుగ్గుస్ పిల్లలు కూడ నాగపూరు, పూనా, హైదరాబాదు వెడుతున్నారు. గనిలో చెమటోడ్చి రిటైరయిన తండ్రులు, కంటిచూపు తగ్గిన తల్లులు ఇక్కడే ఉన్నారు. పండుగ చందాలు వసూలు చేయడంలో మనం ఎవరికీ తీసిపోము. ఆ చందాలో నాలుగోవంతు తీసి, వారానికి రెండు రోజులు పిల్లలకు తెలుగు వ్రాత నేర్పడానికి, ఒంటరి పెద్దలను ఆస్పత్రికి తీసుకొని వెళ్లడానికి వినియోగిస్తే, ఉత్సవం కళ ఏమీ తగ్గదు. వచ్చే సమావేశంలో ఈ సంగతి పెద్దలు ఆలోచించవలెనని మా మనవి.