కుళాయి దగ్గర అన్న మాట

పార్వతీపురం వైపు నుంచి రాయగడ వచ్చి మాకు ఇరవై ఏళ్లు దాటింది. మా ఆయనది మిల్లులో షిఫ్టు డ్యూటీ. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. ఏ భాషలోనైనా నా నోటికి అడ్డు లేదని మా లైన్లో అందరికీ తెలుసు.

పోయిన ఏడాది పక్కింటి వదిన, కూతురి ఫీజుకని నా దగ్గర 2,000 రూపాయలు తీసుకుంది. నెలలో ఇస్తానన్నది నాలుగు నెలలైంది. ఓ పొద్దున్న కుళాయి దగ్గర అందరి ముందూ, "బాకీకి లేవు గానీ కొత్త చీరకి ఉన్నాయా డబ్బులు?" అనేశాను. ఆవిడ బిందె నిండకుండానే ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ చీర జయపురంలో ఉన్న వాళ్లన్నయ్య పెట్టిందట. ఆ ఆదివారం నుంచి ఆవిడ చర్చికి రావడం మానేసింది.

బాకీ నిజమే కదా, నేనేమీ అబద్ధం చెప్పలేదు కదా అని సర్దిచెప్పుకున్నాను. కానీ మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు, తప్పు చేసినవాళ్లతో ముందు ఒంటరిగా మాట్లాడమన్నారు. నేను నలుగురిలో మొదలుపెట్టాను.

మన ఒడిశాలోనే 1999 జనవరిలో మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్ గారిని, ఆయన ఇద్దరు చిన్న కొడుకులను బండిలోనే తగలబెట్టారు. ఆయన భార్య గ్లాడిస్ గారు చంపినవాళ్లను క్షమించానన్నారు. శిక్ష సంగతి చట్టానికి వదిలేశారు. బారిపదలోనే ఉండి కుష్ఠురోగుల సేవ మరికొన్నేళ్లు చేశారు. అంత పోగొట్టుకున్న తల్లి నోట ఆ మాట వచ్చింది. రెండు వేలకి నా నోట ఏమొచ్చింది?

క్రిస్మస్ ముందు ఒక రాత్రి వాళ్లింటికి వెళ్లాను. "వదినా, నలుగురిలో అన్నాను, తప్పు నాదే" అన్నాను. ఆవిడ చాలాసేపు పలకలేదు. తరవాత నెమ్మదిగా, "బాకీ అడిగినందుకు కాదు వదినా. పిల్ల నా పక్కనే ఉంది" అంది.

నేను ఆ పిల్లని చూడనే లేదు. ఎవరి ఫీజు కోసం ఆ అప్పో, ఆ పిల్లే విన్నది.

మర్నాడు కుళాయి దగ్గర, అదే ఆడవాళ్ల ముందు, నేనలా అనకూడదని చెప్పాను. నలుగురిలో తీసిన పరువుకి నాలుగు గోడల మధ్య క్షమాపణ చాలదు.

బాకీ వదిలెయ్యలేదు. నెలకి ఐదు వందల చొప్పున తీర్చేసింది. చర్చికి వస్తోంది. మునుపటిలా మా గడప మీద మాత్రం ఇంకా కూర్చోదు. కూర్చునేదాకా నేనే వెళ్లి పలకరిస్తున్నాను. ఇప్పుడు ఎవరినైనా ఒక మాట అడగాలంటే, పక్కన ఎవరున్నారో ముందు చూసుకుంటున్నాను.