ఒక వాగు, ఒక ప్రశ్న

ఎమ్మెస్సీ జియాలజీ ఆఖరి సెమిస్టరుకు వచ్చేశారా? ప్రాజెక్టుకు ఏ అంశం తీసుకోవాలో తేలడం లేదా? రండి, కాసేపు కూర్చుని మాట్లాడుకుందాం.

ముందుగా ఒక మాట. ‘కడప బేసిన్ శిలల అధ్యయనం’ లాంటి పేరు మాత్రం పెట్టుకోకండి. ఆ బేసిన్ 44,000 చదరపు కిలోమీటర్ల పైమాటే. భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ దాని మీద 1872లో పెద్ద గ్రంథమే వెలువరించాడు. అక్కడి శిలా సమూహాలకు ఆయన వాడిన పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల అన్న పేర్లు ఇప్పటికీ మన నోళ్లలో ఉన్నాయి. తేలని సంగతులూ ఇంకా ఉన్నాయి. మీ చేతిలో ఉన్నవి కొద్ది నెలలే కదా! ఆ బేసిన్‌లోనే వేంపల్లె దగ్గర ఒక వాగు చూసుకోండి. ఆ ఒడ్డున డోలమైటు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోంది, స్ట్రోమటోలైట్లు ఏయే పొరల్లో కనిపిస్తున్నాయి? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు రాబట్టినా మంచి ప్రాజెక్టే.

సుత్తి, లెన్సు, బ్రంటన్ కంపాస్‌తో పాటు పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చిన్న సీసాలో పట్టుకెళ్లండి. సున్నపురాయి మీద ఒక చుక్క వేస్తే బుసబుసా పొంగుతుంది. డోలమైటు అంత తొందరగా పలకదు. గీకి, ఆ పొడి మీద వేస్తేనే నురగ కనిపిస్తుంది. నమూనా తీసిన చోటనే దాని మీద నంబరు వేయండి. పొర ఎటు వాలిందో, ఎంత వాలిందో కొలిచి అక్కడికక్కడే నోట్‌బుక్‌లో ఎక్కించండి. గదికి వెళ్లాక రాద్దామనుకుంటే సగం మరచిపోతాం.

ఇక అసలు సంగతి. చూసినది ఒక పేజీలో, ఊహించినది ఎదుటి పేజీలో రాయండి. తిరుమల ఘాట్‌రోడ్డులో కింద గ్రానైటు, పైన పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు కనిపిస్తాయి. ఇది చూసినది. రెంటి నడుమ కోట్ల ఏళ్ల ఖాళీ ఉందన్నది తర్కించి తేల్చినది. ఇలాంటి చోట గైడు అడుగుతారు: “ఏ రాయి ముందు పుట్టింది? ఎలా చెప్పగలవు?” పైరాయి అడుగున గ్రానైటు గులకలు దొరికితే గ్రానైటే వయసులో పెద్దది. గ్రానైటు తీగలు పైరాయిలోకి చొచ్చుకుపోయి ఉంటే లెక్క తిరగబడుతుంది. జవాబు పుస్తకంలో కాదు, ఆ రెండు రాళ్లు కలిసే చోట వెతకాలి.

గైడు ఇలా నిలదీస్తే చిన్నబుచ్చుకోకండి. వైవాలో ఎదురయ్యే ప్రశ్నను ఆయన ముందే అడుగుతున్నారు. అధ్యాయాలన్నీ పూర్తయ్యాక చూపిద్దామని దాచుకోకండి. ఫీల్డు నుంచి తిరిగి రాగానే నోట్‌బుక్, నమూనాలు ఆయన బల్ల మీద పెట్టండి. ఏ రాయికి థిన్ సెక్షన్ చేయించాలో ఇద్దరూ కలిసి ఎంచుకోండి. 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసిన ఆ పలక మైక్రోస్కోపు కింద మీ ఊహను నిలబెడుతుంది, లేదా కొట్టేస్తుంది. రెండూ ఫలితాలే, రెండూ రాయదగ్గవే.

ఈ వారంలోనే గైడును కలవండి. మీ ప్రశ్నను ఒకే వాక్యంలో రాసుకుని మరీ వెళ్లండి.