షాంపేన్ కాదండీ, బ్లాంకెట్!

సీసా మూత ఠప్పుమని ఎగిరి, నురగ పొంగి, చుట్టూ వున్నవాళ్ళు చప్పట్లు కొట్టారంటే అది షాంపేనేనని మనకు సినిమాలు నేర్పాయి. ఓడను నీళ్ళలోకి దించినా షాంపేనే, కారు పందెంలో నెగ్గినా షాంపేనే. నురగ వచ్చే వైను అంతటికీ అదొక్కటే పేరనుకుంటారు తాగేవాళ్ళు. తాగనివాళ్ళమూ అట్లాగే అనుకుంటాం. నిజానికి షాంపేన్ అన్నది ఒక సీమ పేరు. పారిస్‌కు తూర్పున, రేన్స్, ఎపెర్నే పట్టణాల చుట్టుపక్కల నేల అది. ఆ నేలమీద పండిన ద్రాక్షతో, అక్కడి కట్టుబాట్ల ప్రకారం తయారుచేసినదానికే ఆ పేరు చెల్లుతుంది.

మరి మిగతా ఫ్రాన్సులో నురగ లేదా? బోలెడంత వుంది. అల్సాస్, బర్గండీ, ల్వార్, బోర్డో, జురా, సవోయ్, దీ, లిమూ — ఈ ఎనిమిది సీమల్లో చేసే నురగ వైనుకు క్రెమాన్ అని పేరు. పద్ధతి అచ్చంగా షాంపేన్ పద్ధతే. ద్రాక్షగుత్తులను చేత్తోనే కోయాలి. 150 కిలోల పండునుంచి 100 లీటర్ల రసంకన్న ఎక్కువ పిండకూడదు. ఆ రసం పులిసి వైను అయ్యాక సీసాలో పోసి, కాస్త చక్కెర, కాస్త ఈస్టు వేసి బిగిస్తారు. మన ఇళ్ళల్లో ఇడ్లీపిండి తెల్లవారేసరికి పొంగటంలేదూ, ఇదీ అంతే. కాకపోతే పిండి గిన్నెలో పుట్టిన వాయువు మూత సందుల్లోంచి పోతుంది; సీసాలో పుట్టినదానికి పోయేదారి లేదు. చచ్చినట్టు వైనులోనే కరిగి కూర్చుంటుంది. పని ముగిసిన ఈస్టు అడుగున మడ్డిగా పేరుకుంటే, ఆ మడ్డిమీదనే క్రెమాన్ కనీసం 9 నెలలు, షాంపేన్ 12 నెలలు పడివుండాలి. తరువాత సీసాను మెల్లమెల్లగా తలకిందులు చేసి, మెడలోకి దిగిన మడ్డిని గడ్డకట్టించి, మూత తీసి బయటికి చిమ్మిస్తారు.

ఇదంతా నేను పుస్తకాల్లో చదివి వదిలేసేవాణ్ణే. నిరుడు మా అమ్మాయి దగ్గర తూలూజులో రెండునెలలు వున్నాం. అల్లుడికి అక్కడ విమానాల కంపెనీలో ఉద్యోగం. వాళ్ళ పక్కింటి పెద్దాయన లిమూ ప్రాంతంవాడు. తండ్రీ తాతా ద్రాక్షతోటలవాళ్ళు. లిమూ అంటే కార్కసోన్ కోటకు దక్షిణంగా ఇరవైఅయిదు కిలోమీటర్లలో, ఓద్ నది ఒడ్డున, పిరెనీ పర్వతాల వైపున వున్న చిన్న పట్టణం. ఒక ఆదివారం మమ్మల్ని భోజనానికి పిలిచి, బల్లమీద మూడు సీసాలు పెట్టాడు. మా ఆవిడ ముందే చెప్పింది: "నాకు ఆపిల్ రసం చాలు. మీరు రుచి చూడండి, రెండో గ్లాసు సంగతి నేను చూస్తాను."

మొదటి సీసాపేరు బ్లాంకెట్. కప్పుకునే దుప్పటి అనుకునేరు! ఆ ప్రాంతపు భాషలో తెల్లనిది, చిన్నది అని అర్థమట. మోజాక్ అనే ద్రాక్షతీగ ఆకుల అడుగున తెల్లని నూగు వుంటుంది, దాన్నిబట్టి వచ్చిన పేరు. బ్లాంకెట్‌లో నూటికి 90 పాళ్ళు తగ్గకుండా ఆ మోజాకే వుండాలి.

పెద్దాయన మూత తీసిన తీరు చూసి తీరాలి. మూతమీది తీగను విప్పినప్పటినుంచి బొటనవేలు దానిమీదనుంచి తీయలేదు. సీసాలో ఒత్తిడి కారు టైరులోకన్న రెండుమూడు రెట్లు వుంటుందట, కన్నుపోయిన వాళ్ళున్నారన్నాడు. మూతను కదలకుండా పట్టుకుని సీసాను తిప్పాడు. ఠప్పుమనలేదు, ఉస్సురని ఒక నిట్టూర్పు మాత్రం వినిపించింది. పక్కగదిలో నిద్రపోతున్న మనవరాలు లేవలేదు. సినిమావాళ్ళు ఇది చూస్తే బాగుండును.

గ్లాసులో సన్నని దారాల్లాగా బుడగలు లేస్తూ వుంటే, ఇవెన్ని వుంటే అంత గొప్పదా అని అడిగాను. కాదన్నాడు. తుడిచిన తువ్వాలు వదిలిన నూలుపోగో, కంటికి ఆనని ధూళికణమో వున్నచోటనే బుడగ పుడుతుంది. గ్లాసు మరీ నిర్మలంగా వుంటే ఎంత గొప్ప వైనైనా ఊరుకుంటుంది. సబ్బు అంటిందా, నురగ చచ్చిపోతుంది. అంచేత బుడగలను లెక్కపెట్టటంకన్న అవి నోట్లో ఎట్లా వున్నాయో చూడమన్నాడు. సోడాలాగా గుచ్చుకోకూడదు, మెత్తగా విచ్చుకోవాలి.

వాసన చూశాను. ఆకుపచ్చని ఆపిల్ తొక్క. కోసి కాసేపు వదిలేసిన ఆపిల్ ముక్క. ఒక గుక్క నాలుకమీద నిలిపితే ముందు పులుపు, వెనక దోరజామకాయ కొరికినప్పటి వగరు. ఇంతలో అల్లుడి స్నేహితుడు, హైదరాబాదు కుర్రవాడు, మర్యాదకు మెచ్చుకుంటూ, "అచ్చం షాంపేన్ లాగే వుందండీ! తేడా తెలియటంలేదు" అన్నాడు.

పెద్దాయన గ్లాసు కిందపెట్టాడు. "నా కూతుర్ని చూసి, అచ్చం పొరుగింటి పిల్లలాగే వుందంటే నేను సంతోషించాలా?" అన్నాడు. అల్లుడు ఆ మాటను తెలుగులో చెప్పేటప్పటికి బల్లచుట్టూ ఎవరికీ నోట మాటలేదు.

ఆయన కష్టం ఊరికే కాదు. లిమూ దగ్గరి సేంట్ హిలేర్ మఠం సన్యాసులు 1531 నాటికే బ్లాంకెట్ చేశారని, ప్రపంచంలో మొదటి నురగ వైను తమదేనని ఆ ఊరివాళ్ళ పట్టుదల. షాంపేన్‌కు మూలపురుషుడని జనం చెప్పుకునే డోమ్ పెరిన్యోన్ మఠం కొట్టుబాధ్యత తీసుకున్నది 1668లో. ఆయన లిమూ వచ్చి రహస్యం పట్టుకుపోయాడని కూడా ఒక కథ వుంది. అది ఒట్టి కట్టుకథ. ఆ మహానుభావుడి కాలంలో బుడగ అంటే లోపం, దాన్ని రాకుండా చేయాలనే ఆయన తాపత్రయమంతా. అయినా ముందు ఎవరు చేశారన్నది కాదు, ఎవరి ఊరు రాజుగారికి దగ్గర అన్నదే పేరు తెచ్చింది. ఫ్రాన్సు రాజుల పట్టాభిషేకాలు రేన్స్‌లో జరిగేవి, పారిస్ చేరువ. లిమూ ఎక్కడో కొండల కింద. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటాం మనం. లిమూది అందుకు తిరగబడ్డ జాతకం.

షాంపేన్‌వాళ్ళు తమ పేరుకు కంచె వేసుకోవటం తప్పని మాత్రం నేననను. బయటి ద్రాక్షను చవకగా తెచ్చి షాంపేన్‌గా అమ్ముతూ వుంటే, కడుపుమండిన అక్కడి రైతులు 1911లో తిరగబడ్డారు. సైన్యం దిగవలసి వచ్చింది. మన బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నామే, దానివెనక వున్నదీ ఆ భయమే. అయితే కంచెకు రెండోవైపు వున్నవాళ్ళ సంగతి కూడా చూడాలి కదా. 1994 తీర్పు తరువాత "షాంపేన్ పద్ధతి" అన్న మాట కూడా ఇతరులు సీసామీద వేసుకోకూడదు, "సంప్రదాయ పద్ధతి" అనాలి. దానికి బదులుగా షాంపేన్‌వాళ్ళు క్రెమాన్ అన్న మాటను వదులుకున్నారు. ఒకప్పుడు నురగ తక్కువగా వుండే తమ వైనును వాళ్ళే అట్లా పిలుచుకునేవారు.

రెండో సీసా క్రెమాన్ ద లిమూ, 1990లో గుర్తింపు వచ్చింది. ఇందులో పెత్తనం షార్డొనే, షెనిన్ ద్రాక్షలది. నిమ్మతొక్క వాసన, దాని వెనక తెల్లవారుజామున బేకరీ ముందునుంచి వెళ్ళినప్పటి రొట్టె వాసన. ఇది ఆ మడ్డి చలవే. నునుపుగా, మర్యాదగా వుంది. ధర షాంపేన్‌లో సగం కూడా వుండదట. కుర్రవాడి మాట దీనికైతే కొంత చెల్లునేమో, కాని ఎవరూ అనలేదు. నా ఓటు మాత్రం వగరు బ్లాంకెట్‌కే. ఎవరినీ అనుకరించకుండా తన ఊరి తొక్క వాసనతో నిలబడింది.

మూడోది పాతకాలపు పద్ధతి బ్లాంకెట్. ఇందులో చక్కెర కలపరు. రసం సగం పులిసినప్పుడే సీసాకెక్కించి, మిగతా పని సీసాలోనే ముగియనిస్తారు. మోజాక్ తప్ప మరో ద్రాక్ష లేదు. తియ్యన, మత్తు నూటికి ఏడు పాళ్ళలోపు. మా ఆవిడ వాసన మాత్రం చూసి, "ఆపిల్ బుట్ట మూత తీసినట్టుందండీ" అన్నది. ఆ మాట తర్జుమా కాగానే పెద్దాయన లేచివచ్చి ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు. అప్పటికిగాని కుర్రవాడి ముఖాన నెత్తురుచుక్క లేదు.

జనవరి నుంచి ఈస్టరుకు ముందుదాకా లిమూలో వారంవారం ఉత్సవం జరుగుతుందట. ముసుగులు వేసుకుని, వాద్యాలతో చావడుల కింద నాట్యమాడి, చివరిరాత్రి గడ్డిబొమ్మ రాజును తగలబెట్టి బ్లాంకెట్ తాగుతారట. జనవరిలో మళ్ళీ రమ్మని పెద్దాయన బలవంతం చేశాడు.

"జనవరిలో సంక్రాంతి వుంది, ఇల్లు వదిలి రాలేం. ఫిబ్రవరి అని చెప్పండి" అన్నది మా ఆవిడ.