చక్రం కింద రాయి

అరువు తెచ్చుకున్న పాత్రను పని తీరిన వెంటనే కడిగి, తెచ్చిన చేతితోనే తిరిగి ఇవ్వాలని మన ఇళ్ళలో పెద్దలు పిల్లలకు నేర్పుతారు. ఈ చిన్న నీతిని మేము నడివయస్సులో, కంప్యూటరు ముందు కూర్చుని, తల బొప్పి కట్టిన తరువాత మరల నేర్చుకోవలసి వచ్చింది. ఆ అనుభవాన్ని తోటి ఉద్యోగులతోను, వారి కుటుంబ సభ్యులతోను పంచుకోవాలన్నదే మా ఉద్దేశం.

బస్తర్ సీమకు ముఖ్యపట్టణమైన జగదల్‌పూర్‌లో, మా సంస్థ గిడ్డంగి వద్ద కంప్యూటరు విభాగంలో మేము ముగ్గురం పనిచేస్తున్నాము. ముగ్గురమూ తెలుగువాళ్ళమే. ఒకవైపు ఇంద్రావతి నది, చుట్టూ సాలు చెట్ల అడవులు. బైలదిలా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నానికి మోసుకుపోయే రైళ్ళ కూత రాత్రింబవళ్ళు వినవస్తూ ఉంటుంది. మా కాటా వద్దకు వచ్చే లారీలలో చాలా భాగం సాలూరు నుండి ఘాటు రోడ్డు ఎక్కి వచ్చేవే. కనుక పరాయి సీమలో ఉన్నామన్న బెంగ మాకు తక్కువ. ప్రతి లారీని తూచి, ఆ తూకాన్ని ఒక ఫైలులో నమోదు చేసి, చీటీ అచ్చువేసి ఇవ్వడం మా ప్రోగ్రాము పని. చాలా ఏళ్ళ క్రిందట దానిని జావా భాషలో వ్రాసినది మేమే.

ఇక్కడ కంప్యూటరు పరిచయం లేనివారి కొరకు ఒక మాట. బస్తర్ వారపు సంతలను చూసినవారికి ఆకుదొన్నెలు తెలుసు. దొన్నెలో పోసినది త్రాగి, ఆ దొన్నెను అక్కడే విడిచి పోతారు. తరువాత ఎవరో ఊడ్చివేస్తారు. కంప్యూటరు మెమరీ ఇటువంటి దొన్నె. ప్రోగ్రాము వాడి విడిచిన మెమరీని ఏరి తీసివేసే పద్ధతిని జాన్ మెకార్తీ అనే అమెరికా శాస్త్రవేత్త 1959 ప్రాంతంలో లిస్ప్ భాష కొరకు రూపొందించారు. దీనినే గార్బేజ్ కలెక్షన్ అంటారు. 1995లో లోకానికి పరిచయమైన జావా భాష కూడా ఈ ఊడ్చే పనివానిని వెంటబెట్టుకునే వచ్చింది.

అయితే సంతలో అన్నీ ఆకుదొన్నెలే ఉండవు. పొరుగింటి నుండి తెచ్చిన ఇత్తడి బిందె కూడా ఉంటుంది. అది లెక్క గల వస్తువు. ఊడ్చేవాని కొరకు విడిచిపెట్టదగినది కాదు. ప్రోగ్రాము తెరిచే ఫైలు అటువంటి బిందె. ఒక ప్రోగ్రాము ఏకకాలంలో ఇన్ని ఫైళ్ళు మాత్రమే తెరిచి ఉంచవచ్చునని యంత్రానికి హద్దు ఉంటుంది. మా యంత్రంలో ఆ హద్దు 1024.

పూర్వం జావాలో ‘ఫైనలైజ్’ అనే ఏర్పాటును అందరూ నమ్మేవారు. ఊడ్చేవాడు ఒక వస్తువును పారవేసే ముందు అందులో మనం వ్రాసి ఉంచిన చివరి పని జరుగుతుంది. మేము ఆ చివరి పనిగా ‘ఫైలు మూసివేయి’ అని వ్రాసి నిశ్చింతగా ఉన్నాము. తెరిచింది మేము, మూసేది వేరొకరు. ఏళ్ళ తరబడి ఏ చిక్కూ రాలేదు.

2024లో మాకు కొత్త యంత్రం వచ్చింది. పాతదానికంటె మెమరీ ఎన్నో రెట్లు ఎక్కువ. జావా కూడా 8వ వెర్షన్ నుండి 21వ వెర్షన్‌కు మారింది. ప్రోగ్రామును కొత్త యంత్రం మీదకు ఎక్కించే రోజున తెర మీద ఒక హెచ్చరిక కనిపించింది. ఫైనలైజ్ తొలగింపునకు గుర్తింపబడినదని దాని సారాంశం. నిజానికి 2017లో వచ్చిన 9వ వెర్షన్‌లోనే దానిని వాడవద్దని చెప్పారు. 2022లో 18వ వెర్షన్‌తో ముందు ముందు పూర్తిగా తీసివేస్తామనీ ప్రకటించారు. హెచ్చరికయే కదా, పని ఆగలేదు కదా అని మేము దానిని దాటవేశాము.

నాలుగవ నాటి రాత్రి పని ఆగింది. బయట శ్రావణ మాసపు వాన. ఇక ఫైలు తెరవడం సాధ్యం కాదని యంత్రం మొరాయించింది. చీటీ రానిదే లారీ కదలదు. వరుస గేటు దాటి రోడ్డు మీదకు పోయింది. యంత్రాన్ని ఆపి మరల నడిపితే తూకాలు సాగాయి కాని, కారణం మాకు బోధపడలేదు. తెల్లవారుజామున టీ దుకాణం పాక క్రింద మేము తర్జనభర్జన పడుతుండగా, సాలూరు నుండి వచ్చిన ఒక వృద్ధ డ్రైవరు సంగతి ఏమిటని అడిగారు. తోచినట్లు చెప్పాము. ఆయన నవ్వి అన్నారు:

“బ్రేకు నాను ఏస్తాను సారూ. చక్రం కింద రాయి మా కిలీనరు ఎడతాడు. ఆడు రాయి ఎడతాడు గదా అని నాను బ్రేకు ఎయ్యకపోతే, ఘాటీలో బండి నిలబడతాదా?”

ఆ మాటతో మాకు కనువిప్పు అయింది. ఊడ్చేవాడు వచ్చేది మెమరీ నిండినప్పుడు మాత్రమే. పాత యంత్రంలో మెమరీ తక్కువ కనుక అతడు తరచు వచ్చేవాడు. పనిలో పనిగా మా ఫైళ్ళు మూతపడేవి. కొత్త యంత్రంలో వాకిలి విశాలమైనది, చెత్త కనబడదు, చీపురు ఎత్తే అవసరం రాదు. రోజుకు సుమారు 250 లారీల చొప్పున నాలుగు రోజులలో వేయి ఫైళ్ళు తెరుచుకునే ఉండిపోయాయి. ఐశ్వర్యం పెరిగి మా అజాగ్రత్తను బయటపెట్టినది. పైగా ఫైనలైజ్ ఎప్పుడు జరుగుతుందో, అసలు జరుగుతుందో లేదో భాష ఏనాడూ హామీ ఇవ్వలేదు. చివరి పని ఉన్న వస్తువు ఒక్క ఊడ్పుతో పోదు, మరొక విడత వరకు కాచుకుంటుంది. ఇవన్నీ పుస్తకాలలో ఉన్నవే. చదవనిది మేము.

రోజూ రాత్రి యంత్రాన్ని ఆపి నడిపితే సరిపోతుందని మాలో ఒకరన్నారు. అది జ్వరానికి తడిగుడ్డ వంటిదని మిగిలిన ఇద్దరం ఒప్పుకోలేదు. మొదట బ్రేకు సంగతి చూశాము. 2011లో 7వ వెర్షన్‌తో వచ్చిన ‘ట్రై విత్ రిసోర్సెస్’ అనే పద్ధతిలో, ఫైలు తెరిచిన చోటనే దాని హద్దు గీస్తాము. పని ముగిసినా, మధ్యలో తప్పు జరిగినా, ఆ హద్దు దాటగానే ఫైలు మూతపడుతుంది. తరువాత రాయి సంగతి. 9వ వెర్షన్‌తో వచ్చిన ఆ ఏర్పాటు పేరు కూడా ‘క్లీనర్’ కావడం మమ్మల్ని నవ్వించింది. మరచిపోయిన దానిని పట్టుకునే రెండవ రక్షణగా మాత్రమే దానిని ఉంచాము. అక్కడా ఒకసారి పొరబడ్డాము. క్లీనరుకు అప్పగించిన పని, తాను శుభ్రం చేయవలసిన వస్తువునే పట్టుకుని ఉండకూడదు. పట్టుకుని ఉంటే ఆ వస్తువు ఎన్నటికీ చెత్తగా లెక్కకు రాదు. మంచం మీద కూర్చుని ఆ మంచాన్ని ఎత్తబోయినట్లే.

అటు పిమ్మట ఫైనలైజ్‌ను పూర్తిగా నిలిపివేసే ఎంపికతో పది రోజులు ప్రోగ్రామును నడిపి చూశాము. తెరిచి ఉన్న ఫైళ్ళ సంఖ్య పెరగలేదు. అప్పుడు పాత వరుసలను చెరిపివేశాము.

ఆలోచిస్తే ఆఫీసు పనులలోనూ ఇంతే. బీరువా తాళం తీసినవారు వేయాలి. దీపం వేసినవారు ఆర్పాలి. వెనుక ఎవరో చూసుకుంటారన్న భరోసా మంచిదే కాని, అది మన చేతి పనికి బదులు కారాదు. హెచ్చరిక వచ్చిన నాడే చదివి ఉంటే, ఆ రాత్రి అంతమంది వానలో నిలబడవలసిన అవసరం ఉండేది కాదు. ఆ అపరాధం మాదే.

దసరాకు ముందు ఆ వృద్ధ డ్రైవరు మరల వచ్చారు. తూకం చీటీ అందుకుంటూ, కిటికీలో నుండి తొంగిచూసి అడిగారు: “బ్రేకు ఏసినారా సారూ?”

వేశామని చెప్పాము.