గుంటూరు పిల్ల, టైటానిక్ ఓడ

టైటానిక్ అనగానే అందరికీ సినిమాలో జాక్, రోజ్ గుర్తొస్తారు కదా! నాకు మాత్రం ఈమధ్య గుంటూరు గుర్తొస్తోంది.

నిజమేనండీ. ఆ ఓడలో గుంటూరులో పుట్టిన పిల్ల ఒకతి ఉంది. పేరు రూత్ బెకర్. నాన్న అక్కడ లూథరన్ మిషనరీ. 1912లో చంటి తమ్ముడు రిచర్డ్‌కి జబ్బు చేస్తే, తండ్రి ఇక్కడే ఉండిపోయాడు. తల్లి నెల్లీ ఒక్కతే ముగ్గురు పిల్లల్నీ వెంటబెట్టుకుని అమెరికా బయల్దేరింది. రూత్‌కి 12 ఏళ్ళు, చెల్లి మారియన్‌కి 4, తమ్ముడికి ఇంకా రెండేళ్ళు నిండలేదు. ఇంగ్లండులో టైటానిక్ సెకండ్ క్లాసు ఎక్కారు.

ఏప్రిల్ 14 రాత్రి ఓడ మంచుకొండను గుద్దుకుంది. బయట గడ్డకట్టే చలి. దుప్పట్లు తెమ్మని తల్లి పెద్దపిల్లనే గదికి పంపింది. ఎవర్ని పంపుతుంది మరి! తీరా పడవల దగ్గర చిన్నవాళ్ళిద్దర్నీ 11వ నంబరు పడవలో ఎక్కించారు. తల్లీ ఎక్కింది. రూత్‌కి చోటు లేదన్నారు. ఇంకో పడవ ఎక్కమని తల్లి అరిచింది. రూత్ 13వ పడవ ఎక్కింది. తెచ్చిన దుప్పట్లు అందులో చలికి వణుకుతున్న బాయిలర్ పనివాళ్ళకి కప్పారు. ఆ రాత్రి 1500 మందికి పైగా పోయారు. తెల్లారాక కార్పతియా ఓడ మీద వెతగ్గా వెతగ్గా తల్లి కనబడింది.

గుడివాడలో మా వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఈ కథంతా మా అత్తయ్యకి చెప్పాను. ఆవిడది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి ఆవిడకీ 12 ఏళ్ళే.

“మా అమ్మా అంతే. తమ్ముణ్ణి చంకనేసుకుంది, చెల్లిని కొంగుకి కట్టుకుంది. నన్ను మటుకు తుమ్మచెట్టు వదలొద్దంది. పెద్దదాన్ని, ఎట్టాగో బతుకుతానని కాబోలు” అంది.

మా పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఈ మాట ఎప్పుడూ వినలేదు. ఆయనకీ తెలీదట.

రూత్ కూడా అంతే. టీచరు ఉద్యోగం చేసింది, పిల్లల్ని పెంచింది. తాను టైటానిక్ ఎక్కానని చాలా ఏళ్ళ వరకు సొంత పిల్లలకే చెప్పలేదు. 1990లో, 90 ఏళ్ళ వయసులో పోయింది. అస్థికలు ఓడ మునిగినచోటే సముద్రంలో కలిపారు.

అది విని అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు.

ఆవిడ తల్లి బందరులో చిన్నకొడుకు దగ్గర ఉంటోంది. 80 దాటాయి. ఆదివారం వెళ్ళి ఈ ఓడ కథ అమ్మకి చెప్పొస్తానంటోంది.

“మీ తుమ్మచెట్టు సంగతి కూడానా?” అని అడగబోయి ఆగిపోయాను. బస్సులో తినడానికి జంతికలు మాత్రం కట్టి ఉంచాను.